మాట ఎక్కడుంటుంది?

పేరడిగితే 'టాన్... టాన్'. ఊరడిగితే 'టాన్... టాన్'. ఆకలేస్తోందా అంటే అదే, నొప్పెడుతోందా అన్నా అదే. ఇరవయ్యొక్క ఏళ్లు ఒకే ఒక్క శబ్దంతో బతికిన పారిస్ రోగి అతను. మాట్లాడలేని ఆ మనిషే మాటకు మెదడులో ఓ చోటుందని లోకానికి చూపించాడు. మెదడుకీ భాషకీ ఉన్న లంకె గురించి ఇవాళ మనకు తెలిసినదాంట్లో చాలాభాగం ఆ రోగి మంచం దగ్గరే మొదలైంది!

1861 ఏప్రిల్ 11. పారిస్ శివార్లలోని బిసెత్ర్ ఆసుపత్రి. ముసలివాళ్లనూ మతి చలించినవాళ్లనూ నయంకాని జబ్బులతో ఎటూ పోలేనివాళ్లనూ ఉంచే చోటది. ఆరోజు శస్త్రచికిత్స విభాగానికి ఓ రోగిని మోసుకొచ్చారు. వయసు 51. కుడికాలు పాదం నుంచి పిరుదు దాకా కుళ్లిపోయింది. ఏడేళ్లుగా మంచానికే అతుక్కుపోయిన మనిషి. పక్కబట్టలు వారానికి ఒకసారే మార్చేవారు. నొప్పిగా ఉందని నోరు తెరిచి చెప్పలేడు. అందుకే పుండు ముదిరిపోయేదాకా ఎవరికీ తెలియలేదు.

సర్జన్ పాల్ బ్రోకా దగ్గరికొచ్చి ప్రశ్నలు మొదలుపెట్టాడు. అన్నింటికీ ఒకటే జవాబు... 'టాన్, టాన్'. ఆసుపత్రిలో అందరూ అతణ్ని ఆ పేరుతోనే పిలిచేవారు. అసలు పేరు లెబోర్న్.

వేరే డాక్టరైతే పిచ్చివాడనుకుని వెళ్లిపోయేవాడేమో. బ్రోకా మాత్రం ఆగాడు. ఎందుకంటే, సరిగ్గా వారం కిందటే పారిస్‌లో ఓ పెద్ద వాదన నడిచింది. మాటకు మెదడులో ప్రత్యేకంగా ఓ చోటుందా, లేదా? ఆ వాదనకు సమాధానం చెప్పగల మనిషి ఇప్పుడు తన ఎదురుగా ఉన్నాడు.

గుండెలోనా? నాలుకలోనా?

మాట ఎక్కడ పుడుతుందన్న ప్రశ్న ఇప్పటిది కాదు. వేల ఏళ్ల కిందటి ఈజిప్టు వైద్యపత్రంలోనే కణతకు దెబ్బ తగిలి మాట పోయిన మనిషి ప్రస్తావన ఉంది. కానీ ఆ ఎరుక నిలవలేదు. ఆలోచనకు నెలవు గుండేనన్నాడు గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్. మెదడు పని రక్తాన్ని చల్లబరచడమేనని ఆయన నమ్మకం. మాట పోతే జబ్బు నాలుకలో ఉందని అనుకున్నవాళ్లూ శతాబ్దాలపాటు ఉన్నారు.

లెక్క మార్చింది వియన్నాకు చెందిన ఫ్రాంజ్ జోసెఫ్ గాల్. ఈయనకు చిన్నప్పటి నుంచీ ఓ అక్కసు. బడిలో తనకన్నా బాగా బట్టీపట్టే పిల్లలుండేవారు. వాళ్లందరి కళ్లూ పెద్దవిగా, ముందుకు పొడుచుకొచ్చినట్లు ఉండేవట. పెద్దయ్యాక దాన్నే సిద్ధాంతం చేశాడు. మాటల జ్ఞాపకం మెదడు ముందుభాగంలో, కళ్ల వెనక ఉంటుందనీ, అది పెరిగితే కళ్లను ముందుకు నెడుతుందనీ వాదించాడు. మనిషి గుణాలన్నింటికీ మెదడులో విడివిడిగా గదులున్నాయన్నాడు. తల మీది ఎత్తుపల్లాలు తడిమి గుణం చెప్పొచ్చన్నాడు. మన హస్తసాముద్రికం లాంటిదే, కాకపోతే చేతికి బదులు తల!

మతానికి ప్రమాదమంటూ 1801లో ఆస్ట్రియా చక్రవర్తి గాల్ ఉపన్యాసాల్ని నిషేధించాడు. గాల్ చివరికి పారిస్ చేరాడు. తల తడిమి జాతకం చెప్పడం శుద్ధ తప్పని తర్వాత తేలిపోయింది. కానీ అందులో ఒక గింజ మాత్రం మిగిలింది. మెదడులో ఒక్కో భాగానికి ఒక్కో పని ఉండొచ్చునన్న ఆలోచన అది.

దాన్ని కొట్టిపారేసినవాడు ఫ్లూరెన్స్. పావురాల మెదడులో కొంతకొంత తీసేసి చూసి, పైపొరలో ఏ పనికీ ప్రత్యేక స్థానం లేదు, మెదడంతా ఒక్కటిగానే పనిచేస్తుందన్నాడు. పట్టుకుని వేలాడినవాడు బూయో. మాట పోయిన రోగుల్లో మెదడు ముందుభాగమే దెబ్బతింటోందని 1825లో ప్రకటించాడు. ఎవరూ నమ్మలేదు. విసిగిపోయి 1848లో పందెం కాశాడు. మెదడు ముందుభాగం బాగా దెబ్బతిన్నా మాట చెక్కుచెదరని రోగిని చూపించండి, 500 ఫ్రాంకులిస్తానన్నాడు.

1861 ఏప్రిల్ 4న పారిస్ మానవశాస్త్ర సంఘంలో ఆ వాదన మళ్లీ రగిలింది. బూయో అల్లుడు ఒబుర్తాన్ ఓ సంఘటన చెప్పాడు. నుదుటి మీద తుపాకితో కాల్చుకున్న ఓ వ్యక్తిని ఆసుపత్రికి తెచ్చారు. నుదుటి ఎముక ఊడి మెదడు బయటికి కనిపిస్తోంది. తెలివిలోనే ఉన్నాడు, మాట్లాడుతున్నాడు. మెదడు ముందుభాగాన్ని చిన్న పలకతో మెల్లగా నొక్కితే... మాట సగంలో తెగిపోయింది. పలక తీయగానే మళ్లీ వచ్చింది!

ఆ సంఘం స్థాపకుడు మరెవరో కాదు, పాల్ బ్రోకా.

ఆరు రోజుల పరీక్ష

లెబోర్న్‌కు ఎక్కువ సమయం లేదని బ్రోకాకు తెలుసు. ఒబుర్తాన్‌ను పిలిచి రోగిని చూపించాడు. మెదడు ముందుభాగమే పాడైందని చెప్పగలవా అనడిగితే, చెప్పగలనన్నాడు ఒబుర్తాన్.

బ్రోకా చేసిన పరీక్షలు చాలా చిన్నవి. ఆసుపత్రికొచ్చి ఎన్నేళ్లయిందని అడిగాడు. లెబోర్న్ అరచేతిని నాలుగుసార్లు తెరిచి చూపించి, చివర్న ఒక్క వేలు ఎత్తాడు. నాలుగైదులు ఇరవై, ఒకటి... ఇరవయ్యొకటి. లెక్క సరిపోయింది! మర్నాడు మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ అదే జవాబు. మూడోసారి అడిగేసరికి, ఈ డాక్టరు తనకు పరీక్ష పెడుతున్నాడని అర్థమైంది. కోపమొచ్చింది. అంతే, దేవుడి పేరుతో గట్టిగా ఓ తిట్టు బయటికొచ్చింది. ఆవేశంలో మాత్రమే దొర్లే మాట అది. బ్రోకా విన్నది ఆ ఒక్కసారే.

గడియారం చూపిస్తే ముళ్లు కాసేపు పరిశీలించి టైమెంతో సైగలతో సరిగ్గా చెప్పాడు. పెదాలు, నాలుక కదులుతున్నాయి. గొంతు పలుకుతోంది. ఎదుటివాళ్లు చెప్పేదాంట్లో చాలామటుకు అర్థమవుతోంది. ఒకే 'టాన్'ను కోపంగా, జాలిగా, సంబరంగా రకరకాల రాగాల్లో పలికేవాడు. లేనిదల్లా మాట.

ఏప్రిల్ 17న లెబోర్న్ చనిపోయాడు. బ్రోకా శవపరీక్ష చేశాడు. మెదడు ఎడమవైపు ముందుభాగంలో, కోడిగుడ్డు పట్టేంత గుంట. మర్నాడే ఆ మెదడును సంఘం ముందుంచాడు.

కొన్ని నెలలకే మరో రోగి దొరికాడు. పేరు లెలాంగ్, వయసు 84. ఇతని దగ్గర అయిదే మాటలు మిగిలాయి. అవును, కాదు, ఎప్పుడూ, మూడు అనబోయి సగం పలికే ఓ మాట, సగం విరిగిన తన పేరు. ఏ అంకె చెప్పాలన్నా నోటివెంట 'మూడు' మాటే వచ్చేది. అసలు లెక్క వేళ్లతో చూపించేవాడు. అతని మెదడులోనూ దెబ్బ దాదాపు అక్కడే!

ఆ చోటునే తర్వాత 'బ్రోకా ప్రాంతం' అన్నారు. ఎడమ కణత మీద వేలు పెట్టి కాస్త ముందుకు జరిపితే, ఎముక వెనక ఉండేది అదే.

ఎడమవైపే ఎందుకు?

1863 నాటికి బ్రోకా దగ్గర ఎనిమిది కేసులు పోగయ్యాయి. అన్నింట్లోనూ దెబ్బ ఎడమవైపే. ఆయనే నమ్మలేకపోయాడు. రెండు కళ్లు, రెండు చెవుల్లాగే మెదడు రెండు సగాలూ ఒకేలా పనిచేస్తాయన్నది అప్పటి నమ్మకం. రెండేళ్లు ఆగి, 1865లో తేల్చి చెప్పాడు. మనం మాట్లాడేది ఎడమ మెదడుతోనని.

ఈలోపు ఇంకో గొడవ. దక్షిణ ఫ్రాన్స్‌లోని సొమియేర్ అనే చిన్న ఊళ్లో మార్క్ డాక్స్ అనే వైద్యుడుండేవాడు. మాట పోయిన రోగులందరికీ ఎడమవైపే దెబ్బ తగలడాన్ని ఎన్నో ఏళ్ల పాటు గమనించి, 1836లోనే వ్యాసం రాశాడట. ఏడాది తిరక్కుండానే చనిపోయాడు. 1863లో ఆయన కొడుకు గుస్తావ్ ఆ వ్యాసాన్ని పారిస్‌కు పంపి, ఘనత మా నాన్నదేనన్నాడు. 1836లో ఆ వ్యాసాన్ని సభలో చదివిన దాఖలా ఏదీ బ్రోకాకు దొరకలేదు. ఎవరు ముందన్న వాదన చరిత్రకారుల మధ్య ఇప్పటికీ ఉంది.

ఎడమ మెదడు శరీరంలో కుడి సగాన్ని నడిపిస్తుంది. మన ఇళ్లలో 'కుడి చెయ్యీ కాలూ పడిపోయి, మాట కూడా పడిపోయింది' అని తరచూ వింటుంటాం. ఆ రెండూ జంటగా రావడానికి కారణం ఇదే. కుడిచేతి వాటం వాళ్లలో నూటికి 95 మందికి భాష ఎడమవైపే. ఎడమచేతి వాటం వాళ్లలోనూ దాదాపు 70 మందికి అంతే.

గలగలా మాటలు... అర్థం మాత్రం లేదు

మాట రాకపోవడం ఒక్కటే జబ్బా? కాదన్నాడు ఓ కుర్ర డాక్టరు. పేరు కార్ల్ వెర్నికె. ఊరు బ్రెస్లౌ, ఇప్పటి పోలెండ్‌లోని వ్రొత్స్‌వావ్. 1874లో చిన్న పుస్తకం రాసేనాటికి ఆయన వయసు 26.

ఆయన చూసిన రోగులు లెబోర్న్‌కు పూర్తిగా ఎదురు. గడగడా మాట్లాడేస్తారు. కానీ అందులో అర్థముండదు. ఒక మాటకు బదులు ఇంకో మాట, మధ్యలో ఏ భాషలోనూ లేని మాటలు. పైగా ఎదుటివాళ్లు చెప్పేది తలకెక్కదు. తాము తప్పు మాట్లాడుతున్నట్టు చాలాసార్లు వాళ్లకే తెలియదు. వీళ్లలో దెబ్బ ఎడమ చెవికి పైన, కాస్త వెనగ్గా ఉంది.

తేడా ఓ ఉదాహరణతో చూద్దాం. 'నిన్న డాక్టరు దగ్గరికి బస్సులో వెళ్లాను' అని చెప్పాలి. బ్రోకా రకం రోగి కష్టపడి 'నిన్న... డాక్టరు... బస్సు' అంటాడు. విషయం ఉంది, వాక్యం లేదు. వెర్నికె రకం రోగి చక్కటి ఒడుపుతో పెద్ద వాక్యమే చెబుతాడు. వాక్యం ఉంది, విషయం లేదు.

వెర్నికె అక్కడితో ఆగలేదు. మాటను గుర్తుపట్టే చోటు వెనక ఉంది, పలికించే చోటు ముందుంది. మరి రెంటినీ కలిపే తీగ తెగితే? అర్థమూ అవుతుంది, మాటా వస్తుంది, కానీ విన్న మాటను ఉన్నదున్నట్టు తిరిగి చెప్పడం తడబడుతుంది. ఇదీ ఇప్పటి వైద్యుల లెక్క. అలా తీగ తెగిన రోగులు ఉండితీరాలని వెర్నికె కాగితం మీదే ఊహించాడు. తర్వాత అలాంటివాళ్లు నిజంగానే కనిపించారు! 1885లో లిచ్‌థైమ్ ఆ ఊహను పూర్తి నక్షాగా గీశాడు. ఇవాళ్టికీ వైద్య విద్యార్థులు చదివేది దాని వారసత్వాన్నే.

భాషను ఒక పెద్ద వస్తువులా కాకుండా, చిన్నచిన్న పనులూ వాటి మధ్య దారులూ ఉన్న ఏర్పాటుగా చూడటం అలా మొదలైంది. మాట పోయే ఈ జబ్బుకు 'అఫేసియా' అన్న పేరు 1864లో ఫ్రెంచి వైద్యుడు ట్రూసో పెట్టిందే.

చుక్కలు కావు... దారులు

ఇంత చక్కటి నక్షాను అందరూ ఒప్పుకొన్నారా? లేదు. 1891లో ఓ వియన్నా డాక్టరు, మాటను మెదడులో అక్కడో చుక్క, ఇక్కడో చుక్క పెట్టి బంధించలేమంటూ పుస్తకం రాశాడు. ఆయనే తర్వాత మనోవిశ్లేషణతో పేరుమోసిన సిగ్మండ్ ఫ్రాయిడ్. 1906లో పియర్ మారీ మరీ ముందుకెళ్లి, బ్రోకా ప్రాంతానికి భాషతో ప్రత్యేకమైన సంబంధమే లేదనేశాడు.

తగువు తీర్చడానికి లెబోర్న్ మళ్లీ రావాల్సివచ్చింది. బ్రోకా ఆ మెదడును ముక్కలు చెయ్యలేదు. పైనుంచి చూసి, మద్యసారంలో భద్రపరిచాడు. ఆ ముందుచూపు ఫలితం 2007లో కనిపించింది. అమెరికా శాస్త్రవేత్త నైనా డ్రాంకర్స్ బృందం లెబోర్న్, లెలాంగ్‌ల మెదళ్లకు ఎమ్మారై స్కాన్ తీసింది. దెబ్బ బ్రోకా అనుకున్న పైపొరతో ఆగలేదు. చాలా లోతుకు, మెదడు ముందువెనకల్ని కలిపే నరాల తీగల దాకా పోయింది. అంటే లెబోర్న్ మాటను పోగొట్టింది ఒక్క 'చోటు' దెబ్బతినడమే కాదు, దారులు తెగిపోవడం కూడా!

2015లో వెలువడిన మరో పరిశోధన ఇంకో చిత్రం చూపించింది. మనం మాట పలికే ముందు బ్రోకా ప్రాంతం చురుగ్గా ఉంటుంది. నోరు కదిలే సమయానికి మాత్రం నెమ్మదిస్తుంది. అంటే ఆ చోటు మాటను సిద్ధంచేసి ముందుకు పంపుతోందన్నమాట.

బ్రోకా చెప్పినవన్నీ నిలవలేదు. పుర్రెలు కొలిచి, మెదడు పరిమాణాన్ని బట్టి జాతుల్లో, ఆడామగల్లో ఎక్కువతక్కువలు తేల్చాలని చూశాడు. ఆ కొలతల సారం అప్పటి దురభిప్రాయాలేనని తర్వాతి శాస్త్రం తేల్చింది. తలలు కొలిచినప్పుడు తప్పాడు. ఒక్క రోగి మంచం పక్కన నిలబడి ఓపిగ్గా ప్రశ్నలడిగినప్పుడు చరిత్రకెక్కాడు.

రెండు భాషలుంటే?

లెబోర్న్‌కు వచ్చింది ఫ్రెంచి. మరి ఒక్క మనిషికి రెండు మూడు భాషలొస్తే, దెబ్బ తగిలాక ఏది ముందు తిరిగొస్తుంది? మొదట నేర్చుకున్నదే గట్టిగా నిలుస్తుందని 1881లో రిబో చెప్పాడు. రోజూ ఎక్కువగా వాడేదే ముందొస్తుందని 1895లో పీత్ర్ అన్నాడు. రెండు రకాల రోగులూ కనిపించారు. ఒక్కోసారి అన్ని భాషలూ కలిసే వస్తాయి.

ఈ ప్రశ్నకు యూరప్‌కన్నా సరైన చోటు మన హైదరాబాద్. ఇంట్లో తెలుగు, బజార్లో దక్కనీ, ఆఫీసులో ఇంగ్లిషు... ఇక్కడ మామూలే. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం మతిమరుపు జబ్బు ఉన్న 648 మందిని పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. చదువురాని వాళ్లలోనూ ఈ తేడా కనిపించింది. 2016లో పక్షవాతం వచ్చిన 608 మంది మీద మరో అధ్యయనం వెలువడింది. జబ్బు తర్వాత ఆలోచనాశక్తి మామూలుగా ఉన్నవాళ్లు రెండు భాషలవారిలో నూటికి 40 మంది. ఒకే భాషవారిలో 20 మందే. అఫేసియా మాత్రం ఇద్దరికీ ఇంచుమించు సమానంగానే వచ్చింది.

ఆలోచన వేరు, మాట వేరు. లెబోర్న్ వేళ్లతో చెప్పిన సంగతే హైదరాబాద్‌ అంకెల్లోనూ కనిపిస్తోంది.

మాట పోతే మతి పోయినట్టా?

నూట అరవై ఏళ్ల నాటి కథ మనకెందుకంటే, ఇందుకే. పక్షవాతం వచ్చిన తండ్రి కొడుకును చూసి కూతురి పేరుతో పిలుస్తాడు. 'మనుషుల్ని గుర్తుపట్టట్లేదు' అంటారు ఇంట్లోవాళ్లు. నిజానికి గుర్తుపట్టి ఉండొచ్చు. పేరే అందలేదేమో! 'అవును' అనబోతే 'కాదు' వస్తుంది. నాలుగుసార్లు అలా జరిగాక ఎవరూ ఏమీ అడగరు. ఆయన గురించి ఆయన ముందే మాట్లాడుకుంటారు, ఆయన లేనట్టుగా. పొలం కాగితాలైనా, మనవరాలి పెళ్లిమాటలైనా ఆయన్ను దాటుకుని పోతాయి.

మనలో ఎవరికైనా ఒక్కోసారి తెలిసిన పేరే నోట్లో నానుతూ బయటికి రాదు. ఆ అరక్షణం ఎంత చిరాకో! అఫేసియా ఉన్నవాళ్లకు రోజంతా అదే. ఆ చిరాకు చూసి 'ముసలాయనకు కోపమెక్కువైంది' అనుకుంటాం. బిసెత్ర్‌లో తోటి రోగులు కూడా లెబోర్న్‌ను పగబట్టే మనిషనీ దొంగనీ చెప్పుకునేవారు. తన మాట చెప్పుకోవడానికి అతనికి ఉన్నది 'టాన్' ఒక్కటే.

మంచి కబురేంటంటే, మెదడు కొత్త దారులు వెతుక్కోగలదు. మాట రానివాళ్లలో కొందరు పాట పాడగలరు. 1745లోనే స్వీడన్‌కు చెందిన ఊలోఫ్ డాలిన్ అలాంటి మనిషి గురించి రాశాడు. ఆ కిటుకుతోనే 1973లో అమెరికా వైద్యులు, మాటల్ని రాగంలో పలికిస్తూ నేర్పే చికిత్సను తెచ్చారు. స్పీచ్ థెరపీని త్వరగా మొదలుపెట్టి, క్రమం తప్పకుండా చేయిస్తే చాలామందిలో ఎంతోకొంత మాట తిరిగొస్తుంది.

లెబోర్న్‌కు ఆ అవకాశం లేకపోయింది. అతనెవరో కూడా చాలాకాలం ఎవరికీ పట్టలేదు. పాఠ్యపుస్తకాల్లో 'రోగి టాన్'గానే మిగిలాడు. చదువుసంధ్యల్లేని దిక్కులేనివాడని రాసినవాళ్లూ ఉన్నారు. 2013లో పోలెండ్ చరిత్రకారుడు సెజారీ డొమాన్‌స్కీ పాత రికార్డులు తిరగేసి వివరాలు బయటపెట్టాడు. 1809లో మోరె అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి బడిపంతులు. చిన్నప్పటి నుంచీ మూర్ఛ ఉన్నా, చెప్పులు కుట్టడానికి వాడే కొయ్య అచ్చులు చెక్కుతూ ముప్పయ్యేళ్ల వయసు దాకా తన కాళ్ల మీద తాను నిలబడ్డాడు. సొంతూళ్లో తోళ్లు ఊనడానికి బెరడు దంచే మిల్లులుండేవి. ఆ బెరడు పొడిని ఫ్రెంచిలో 'టాన్' అంటారు. నోట్లో మిగిలిన ఆ ఒక్క శబ్దం ఊరి జ్ఞాపకమేమోనని డొమాన్‌స్కీ ఊహ.

ఆ మెదడు ఇప్పటికీ పారిస్‌లోనే భద్రంగా ఉంది. ఇప్పుడు దానికో పూర్తి పేరు కూడా ఉంది... లూయీ విక్టర్ లెబోర్న్.

ఇంట్లో ఎవరికైనా మాట పడిపోతే...

* ఉన్నట్టుండి మాట తడబడినా, మూతి వంకర పోయినా, చెయ్యి పట్టు తప్పినా క్షణం ఆలస్యం చెయ్యొద్దు. మెదడు రక్తనాళంలో గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. అది ఇవ్వొచ్చా లేదా అన్నది స్కాన్ చూసి డాక్టరే చెప్పాలి.

* చిన్న వాక్యాల్లో, నెమ్మదిగా, ఎదురుగా కూర్చుని మాట్లాడండి. గట్టిగా అరవక్కర్లేదు. పోయింది చెవుడొచ్చి కాదు.

* 'అన్నమా, చపాతీయా?' అంటూ వస్తువు చూపించి అడగండి. తల ఊపడం, వేలు చూపడం, బొమ్మ గియ్యడం... అన్నీ మాటలే.

* జవాబు కోసం ఆగండి. వాక్యం మీరే పూర్తిచెయ్యొద్దు.

* ఆయన ఎదురుగా ఆయన గురించి మాట్లాడొద్దు. ఆయనతో మాట్లాడండి.